కువైట్ నుండి ఆళ్లగడ్డకు ఒక సంచి



2014 ఏప్రిల్ నెలలో మేము తెలుగు సంఘ పరిచర్య నిమిత్తము కుటుంబముగా కువైట్ దేశానికి బయలుదేరాము. అప్పుడు మా బాబుకు ఐదేళ్లు. పాపకు ఇంకా రెండేళ్లు నిండలేదు. నంద్యాలలో మా ఇంటి ముందు ఆటో ఎక్కేటప్పుడు మా అమ్మగారు పాప చేతిలో ఒక చెనిక్కాయల ఉండ పెట్టి, "ఆ దేశంలో ఇవి దొరుకుతాయో లేదో" అని కళ్ళు తుడుచుకున్నారు. అక్కడ చెనిక్కాయల ఉండలు దొరికాయి. అవ్వ మాత్రము దొరకలేదు.

హైదరాబాదు నుండి కువైట్‌కు విమానంలో సుమారు ఐదు గంటల ప్రయాణము. నంద్యాల నుండి హైదరాబాదు పోవడానికి కూడా దాదాపు అంతే సమయము పడుతుంది. కాబట్టి దూరము పెద్ద సంగతి కాదనుకున్నాము. కాని పెద్దవాళ్ళము కొత్త దేశానికి వెళ్ళేది ఒక రకము, పసిపిల్లలను తీసుకొని వెళ్ళేది మరొక రకము. మేము ఎందుకు వెళ్ళామో మాకు తెలుసు. పిల్లలకు తెలియదు.

మేమున్నది అబ్బాసియా అనే ప్రాంతములో నాలుగవ అంతస్తు. భారతీయులు ఎక్కువగా ఉండే చోటు. మే నెల వచ్చేసరికి కిటికీ తెరవడానికి లేకుండా ఎండ కాసింది. నంద్యాలవాళ్ళకు ఎండ కొత్త కాదు. అయినా మన ఎండలో వేపచెట్టు నీడ ఉంటుంది, అరుగు ఉంటుంది, సాయంకాలము వీధిలో ఆడుకునే పిల్లలు ఉంటారు. అక్కడ ఏసీ గదిలోనే పగలంతా గడవాలి. మేము అక్కడ ఉండగానే, 2016 జూలై 21న, మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల వేడి నమోదైంది. మా పాప రోజూ తలుపు దగ్గర నిలబడి, "వీధిలోకి పోదాం, వీధిలోకి పోదాం" అని ఏడ్చేది. ఆ నాలుగవ అంతస్తుకు వీధి లేదు.

బాబును భారతీయ పాఠశాలలో చేర్చాము. మొదటి నెల అంతా బడిలో నోరు విప్పలేదని టీచరుగారు కబురు చేశారు. తోటి పిల్లలు మలయాళము, హిందీ మాట్లాడేవారు. ఒకనాడు వాడు మమ్మల్ని, "నాన్నా, ఇక్కడ కుందూ నది ఎక్కడుంది?" అని అడిగాడు. కువైట్‌లో నది లేదు. పూర్వము షత్ అల్ అరబ్ నది నుండి పడవలలో మంచినీళ్ళు తెచ్చుకునేవారు. 1953 తరువాత సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారాలు వచ్చాయి. ఇదంతా వానికి వివరంగా చెప్పాము. విని, "అయితే ఈత ఎక్కడ నేర్చుకోవాలి?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

పాపకు ఆ బాధ త్వరగానే తీరింది. పసిపిల్లలు ఏ నేలమీద పెడితే ఆ నేలకు అలవాటు పడతారు. ఆరు నెలల్లో "రా" అనే మాటకు "యల్లా" అనడము నేర్చింది. మా సహధర్మిణి ఒకనాడు జొన్నరొట్టె చేసి పెడితే, "అమ్మా, ఇంకో ఖుబ్బూస్" అన్నది. మేమిద్దరము నవ్వాము. ఆ రాత్రి పిల్లలు పడుకున్న తరువాత, ఈ బిడ్డ రేపు అవ్వతో ఏ భాషలో మాట్లాడుతుందో అని చాలాసేపు ఆలోచించాము.

ఆ దినాలలో మమ్మల్ని ఆదుకున్నది శుక్రవారము. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారమే గనుక సంఘారాధన కూడా ఆ రోజే. నగరములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణములో అనేక భాషల సంఘాలు వంతుల ప్రకారము కూడుకుంటాయి. ఒక గదిలో అరబీ పాట, పక్క గదిలో మలయాళము, ఆ పక్కన తెలుగు. ఆ చర్చి అమెరికన్ మిషను పరిచర్య ఫలము. 1912లో డాక్టర్ ఎలినోర్ కాల్వర్లీ అనే అమ్మగారు తన భర్తతో కువైట్ వచ్చి, ఆ దేశపు మొదటి స్త్రీ వైద్యురాలై, ముగ్గురు ఆడపిల్లల తల్లిగా అక్కడ కాపురము చేశారు. అప్పట్లో అక్కడ కరెంటు లేదు, ఏసీలు లేవు. ఆ సంగతి తెలిసిన తరువాత మా ఇంట్లో ఎండ గురించి సణుగుడు కొంచెం తగ్గింది.

శుక్రవారము మా పాప నేలమీద కాలు పెట్టేది కాదు. ఆరాధన ముగియగానే ఒక అమ్మ చేతినుండి మరొక అమ్మ చేతికి పోయేది. వారిలో ఎక్కువమంది కడప, కర్నూలు, గోదావరి ప్రాంతాల నుండి ఇంటిపనికి వచ్చిన సహోదరీలు. మొదట మేము, పాస్టరుగారి బిడ్డ గనుక ముద్దు చేస్తున్నారనుకున్నాము. ఒక సహోదరి మాత్రము ప్రతి వారము పాపకు తల దువ్వి జడ వేసేది. పాప వెంట్రుకలు అప్పటికి జడకు అందేవి కావు. అయినా వేసేది. ఒకనాడు మా సహధర్మిణి, "అక్కా, నీకు పిల్లలెందరు?" అని అడిగింది. ఆమె దువ్వెన ఆపకుండానే, "ఒక్క బిడ్డమ్మా. ఆళ్లగడ్డ దగ్గర మా యమ్మ కాడ ఉండాది. ఏడో ఏడు. జడ ఎంత పొడుగు వచ్చిందో నాకు తెలీదు" అన్నది.

ఆమె పనిచేసే ఇంట్లో ముగ్గురు పిల్లలు. వారికి స్నానాలు, భోజనాలు అన్నీ ఈమె చేతిమీదుగానే. ఇంటి యజమానురాలిని ఈమె "మామా" అని పిలవాలి, అక్కడి వాడుక అది. కన్నబిడ్డ "అమ్మా" అని పిలిచేది ఫోనులోనే. ఆమె బిడ్డను తెచ్చుకోవాలన్నా వీలు లేదు. కుటుంబ వీసాకు జీతము ఇంత ఉండాలని నియమము ఉంది. 2016లో దానిని 250 దినార్ల నుండి 450 దినార్లకు పెంచారు. 2024 జనవరిలో 800 దినార్లు చేశారు. ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస జీతము నెలకు 60 దినార్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. మా పిల్లలు మా దగ్గర ఉన్నారంటే, అది మేము మంచి తల్లిదండ్రులమైనందువలన కాదు. ఆ దినము నుండి మా ఇంట్లో కొత్త దేశపు కష్టాలను గూర్చిన మాటలు తగ్గిపోయాయి.

2016 డిసెంబరులో మేము సెలవు మీద నంద్యాల వస్తుంటే ఆ సహోదరి ఒక సంచి తెచ్చి ఇచ్చింది. అందులో రెండు గౌన్లు, ఒక పెట్టె రంగు పెన్సిళ్ళు, ఖర్జూరపు పొట్లము, జడకు కట్టే రిబ్బన్లు. "అయ్యగారూ, మీరే పోయి ఇయ్యండి. ఎట్లుండాదో చూసి చెప్పండి" అన్నది.

నంద్యాలలో రెండు రోజులు గడిచాక మేము నలుగురము ఆళ్లగడ్డ బస్సు ఎక్కాము. ఊరు దాటుతుండగా బాబుకు ఒక పాత సంగతి చెప్పాము. 19వ శతాబ్దములో ఎస్.పి.జి. మిషనరీలు ఇంగ్లాండు నుండి ఈ నంద్యాలకు, ఆళ్లగడ్డ అవతల ఉన్న ముత్యాలపాడుకు వచ్చారు. 1869లో సూయజ్ కాలువ తెరిచేంతవరకు ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి ప్రయాణించి రావలసి వచ్చేది. ఆ కాలపు ఇంగ్లీషు కుటుంబాలు ఆరేడేళ్ళు నిండిన పిల్లలను చదువుకోసం తిరిగి ఇంగ్లాండు పంపేవారు. తల్లి ఇక్కడ, బిడ్డ అక్కడ. ఉత్తరము చేరడానికి వారాలు పట్టేది. మన ఊరు వారికి కొత్త దేశము. ఇప్పుడు మన ఊరివారు కొత్త దేశాలకు పోతున్నారు. బాబు అంతా విని, "వాళ్ళ పిల్లలు ఏడ్చేవాళ్ళా?" అని అడిగాడు. "ఏడ్చే ఉంటారు" అన్నాము.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలు నుండి కడప పోయే పెద్ద రోడ్డే. ఎడమ వైపున నల్లమల కొండలు నీలంగా కనబడుతూ ఉంటాయి. కె.సి. కాలువ కింద వరికోతలు సాగుతున్నాయి. ఎత్తు పొలాల్లో, నల్లరేగడిలో, శనగ పైరు పచ్చగా ఉంది. ఆ కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వము దానిని తీసుకున్నది. బాబు నీళ్ళను చూడగానే లేచి నిలబడ్డాడు. శిరివెళ్ల దాటేవరకు కిటికీ వదలలేదు.

పక్క సీటులో ఉన్న ఒక పెద్దాయన మేము కువైట్ నుండి వచ్చామని విని మాట కలిపారు. ఆయన అక్కడ డ్రైవరు పని చేసినవారట. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యము కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్ దేశపు అమ్మాన్ నగరము నుండి విమానాలలో ఇంటికి చేర్చారు. ఆయన వారిలో ఒకరు. "ఇంటికొచ్చినాక నా కొడుకు నన్ను చూసి తలుపెనక దాక్కున్యాడు సామీ. నాలుగేండ్లోడు. యుద్ధం కంటే అదే నాకు కష్టమాయె" అన్నారు.

ఆళ్లగడ్డలో దిగగానే ఉలి చప్పుడు వినిపించింది. ఆ ఊరు రాతి శిల్పాలకు పేరు పొందినది. పిల్లలు శిల్పుల పని చూస్తూ కాసేపు నిలబడ్డారు. అక్కడనుండి ఆటోలో ఆ పల్లెకు చేరాము.

అవ్వ గుమ్మములోనే ఎదురై, "నా బిడ్డ బాగుండాదా అయ్యా? అన్నం తింటాందా?" అని అడిగింది. చెప్పాము. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ముందు ట్రంకుపెట్టె తెరిచింది. కూతురు పంపిన డబ్బులో మనుమరాలి కోసము దాచిన పాత 500 నోట్లు పదహారు ఉన్నాయి. ఆ నవంబరు 8న పాత నోట్లు రద్దయిన సంగతి విన్నది గాని, బ్యాంకులో వరుస చూసి భయపడి తిరిగి వచ్చిందట. గడువు డిసెంబరు 30. మరుసటి రోజు మేమే ఆమెను బ్యాంకుకు తీసుకొని పోయి ఖాతాలో జమ చేయించాము.

పాప మాత్రము బయటికి రాలేదు. తలుపు చాటునుండి చూస్తూ ఉన్నది. సంచి ఇస్తే తీసుకొని మంచము మీద పెట్టింది. తెరవలేదు. "మీ అమ్మ పంపింది తల్లీ" అన్నాము. తల ఊపింది. తొమ్మిదేళ్ళ బిడ్డ. జడ నడుము దాటి ఉంది.

అప్పుడు మా పాప ఆమె దగ్గరకు పోయి, "అక్కా, నాకు జడ వెయ్యి. ఆంటీ వేస్తుంది గదా, అట్లా" అన్నది. ఆ బిడ్డ మావైపు తిరిగి, "మా యమ్మ ఈ పాపకు జడేస్తాదా?" అని అడిగింది. ఏమి చెప్పాలో మాకు తోచలేదు. అబద్ధము చెప్పలేము. "వేస్తుందమ్మా. వేసిన ప్రతిసారీ నీ మాటే చెబుతుంది" అన్నాము. ఆ బిడ్డ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత సంచి తెరిచి, రిబ్బను తీసి, మా పాపను ముందర కూర్చోబెట్టుకొని జడ వేసింది. వేస్తూ వేస్తూ ఏడ్చింది. మా సహధర్మిణి ఇద్దరినీ దగ్గరకు తీసుకున్నది.

తిరుగు ప్రయాణములో మేము పెద్దగా మాట్లాడుకోలేదు. మోషే తల్లి మాకు గుర్తుకు వచ్చింది. కన్నబిడ్డను పాలిచ్చి పెంచి, మరొక ఇంటికి అప్పగించి వచ్చిన తల్లి. మనము ప్రసంగాలలో మోషేను గూర్చి చాలా చెబుతాము. ఆ సాయంకాలము ఆ తల్లి ఇంటికి ఎలా తిరిగి వచ్చిందో ఎన్నడూ చెప్పలేదు.

మేము 2018లో తిరిగి నంద్యాల వచ్చేశాము. మా బాబు బంధువుల ఊరిలో ఈత నేర్చుకున్నాడు. మా పాప కొన్ని నెలలు జొన్నరొట్టెను ఖుబ్బూస్ అంటూనే ఉండి, తరువాత మరిచిపోయింది. ఆ సహోదరి 2023లో వచ్చింది. అప్పటికి బిడ్డకు పదహారేళ్ళు, ఇంటర్ చదువుతోంది. మేము చూడడానికి వెళ్ళినప్పుడు ఆ తల్లి మెల్లగా, "అయ్యగారూ, దీనికి కూరలో కారం ఎంత కావాల్నో నాకు తెలీదు. మా యమ్మనడిగి చేస్తాండా" అన్నది. కువైట్‌లో దిగిన దినము ఆమె ఎంత కొత్తగా ఉన్నదో, సొంత ఇంటిలోనూ అంత కొత్తగా ఉన్నది. కాని ఆ ఉదయము బిడ్డ కాలేజీకి పోయే ముందు తల్లి ముందర కూర్చొని జడ వేయించుకున్నదట. అది చెప్పినప్పుడు ఆమె ముఖము వెలిగింది.

ప్రియులారా, మన పల్లెల నుండి ఇంకా అనేకులు వెళ్తున్నారు. వెళ్ళవద్దని చెప్పే అధికారము మాకు లేదు. అప్పు, బిడ్డల చదువు, పండని భూమి వారిని పంపుతున్నాయి. వెళ్ళేవారు విజిటింగ్ వీసా మీద పనికి పోకండి. పదవ తరగతి పాసు కాక, వలస అనుమతి కావలసిన పాస్‌పోర్టు ఉన్న స్త్రీలు ముప్పై ఏళ్ళు నిండనిదే గల్ఫ్‌కు ఇంటిపనికి పోకూడదని మన దేశములో నియమము ఉన్నదని మరువకండి. కువైట్‌లో 2015 నాటి 68వ చట్టము ఇంటిపనివారికి వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు ఇచ్చింది. ఇది తెలియనివారికి తెలియజేయండి.

పిల్లలతో కలిసి వెళ్ళే భాగ్యము కలిగినవారు ఇంట్లో తెలుగు మాట్లాడండి. వారానికొకసారి అవ్వతో, తాతతో మాట్లాడించండి. ఇంటిపనికి వచ్చిన సహోదరీలు మీ పిల్లలను ఎత్తుకోవాలని వస్తే అడ్డుపడకండి. మీకు అవ్వ దొరికినట్లుంటుంది, వారికి బిడ్డ దొరికినట్లుంటుంది.

ఇక్కడ ఉన్న సంఘాలకు మా మనవి ఒకటే. మీ సండే స్కూలులో తల్లి విదేశములో ఉన్న బిడ్డలు ఎవరో పేర్లు తెలుసుకోండి. క్రిస్మస్‌కు కొత్త బట్ట కంటే ముందు, వారిని మీ ఇంటికి భోజనానికి పిలవండి. వారి అవ్వకు బ్యాంకు పని, ఆసుపత్రి పని ఉంటే తోడు వెళ్ళండి. తల్లి ఫోను చేసినప్పుడు, "నీ బిడ్డను నిన్న చూశాము, బాగున్నది" అని చెప్పగలిగేవారు ఆ పల్లెలో ఒక్కరైనా ఉండాలి. తన తల్లిదండ్రులతో పరదేశములో పసితనము గడిపిన ప్రభువు అందుకు మనకు సహాయము చేయును గాక.