నాన్నగారి చేపల తుపాకి

ఆడపిల్లకి పుట్టింటి నుంచి ఏం వస్తుంది? ఓ ఇత్తడి గంగాళం, కాస్త బంగారం, మనసున్న వదినగారుంటే ఓ పట్టుచీర. నాకు తుపాకి వచ్చింది. కంగారుపడకండి, మందుగుండుది కాదు. అల్యూమినియం గొట్టం మీద ఉక్కు ఈటె, దాన్ని ఉండేలులా లాగి వదలడానికి రబ్బరు పట్టీ. ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి చేపని కొట్టే సాధనం. ఓడల మీద ఇంజనీరుగా తిరిగిన మా నాన్నగారు 1974లో ఇటలీలోని జెనోవా రేవులో కొన్నారు. జతగా మొహానికి తగిలించుకునే మాస్కు.

నా చిన్నప్పుడు సెలవుకి విశాఖపట్నం వచ్చినప్పుడల్లా రుషికొండ దగ్గర నీళ్ళలోకి దిగేవారు. అమ్మ ఒడ్డున నిలబడి అంకెలు లెక్కపెట్టేది. అరవై దాటిందంటే సింహాచలం అప్పన్నకి మొక్కు ఖాయం. ఆయన పోయిన రెండేళ్ళకి, ఇల్లు ఖాళీ చేసి అమ్మని మా దగ్గరికి తెచ్చుకుంటూ అటక మీంచి పెట్టె దింపితే, అటు చూడనైనా చూడకుండా "పాతసామాన్లవాడికి వేసెయ్యవే" అంది.

నేను వెయ్యలేదు. అన్ని నవలలు రాసినదాన్ని, ఈపాటి సామాను తోముకోలేనా అనుకుని చింతపండు పట్టుకొచ్చాను. మావారు చెయ్యి పట్టుకుని ఆపకపోతే గొట్టం ఆనాడే పోయేది. ఇత్తడికి మెరుపు తెచ్చే పులుపే అల్యూమినియాన్ని తినేస్తుందట! అయినా బుద్ధి రాలేదు. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే, పాపం రబ్బరు ఎండిపోయిందని మాస్కుకి ఓ మూల కొబ్బరినూనె రాశాను. తెల్లారేసరికి అక్కడ ఉబ్బి, జిగురుగా వేలికి అంటుకుంది. గాలీ, ఎండా, వేడీ కలిసి పాడుచేసిన రబ్బరుకి మళ్ళీ ప్రాణం రాదని తరవాత తెలిసింది.

అసలు వైద్యం మంచినీళ్ళు. ఉప్పునీటిలో ఉక్కు స్క్రూ, అల్యూమినియం ఆనుకుని ఉంటే అల్యూమినియమే అరిగి తెల్లపొడి అవుతుంది. (ఉమ్మడి కాపరంలో తోటికోడళ్ళలాగ అని రాయబోయి మానుకున్నాను. మా తోటికోడలు ఈ పత్రిక చదువుతుంది.) రోజూ నీళ్ళు మారుస్తూ వారం నానబెడితే స్క్రూలు మొండికెయ్యకుండా వచ్చాయి. ఈటె తుప్పుని సన్నని గరుకు కాగితంతో రుద్ది కుట్టుమిషను నూనె పూశాను.

కొత్త రబ్బరు వేసి ఓసారి సముద్రానికి తీసుకెళ్దామని మా అబ్బాయి సరదా. గుంటలుపడ్డ గొట్టం, అరిగిన కొక్కెం... లాగిన రబ్బరు జారితే ఈటె ఎవరికి తగులుతుందో! రబ్బరు వెయ్యనే లేదు.

ఇక మాస్కు. 1952లో లుయీజీ ఫెర్రారో రూపొందించిన పినోకియో రకం. ముక్కుకి విడిగా తొడుగుంటుంది. లోతుకి వెళ్తే చెవులు నొప్పెడతాయి, ముక్కు నొక్కిపట్టి ఊదడానికి ఆ ఏర్పాటు. తలపట్టీ ఎప్పుడో తెగితే సైకిల్ ట్యూబు ముక్క వేసి కుట్టి ఉంది. అదీ జిగురెక్కిపోయింది. కత్తెర పెట్టబోయి ఆగాను. ముందుకి పోయి మళ్ళీ వెనక్కి వచ్చే ఆ దారం... నా పరికిణీలన్నిటికీ ఉన్న కుట్టే!

"నువ్వు కుట్టావా?"

"మరి నీళ్ళలో తెగిపోతే?" అంది అమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

పట్టీని జాగ్రత్తగా విప్పి, నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా బీరువాలో విడిగా పెట్టాను. కొత్తది వెయ్యలేదు. నిన్న మధ్యాహ్నం ఊరికే మాస్కుని చేత్తో మొహానికి అదుముకుని ఊపిరి బిగబట్టాను. అద్దంలోంచి అమ్మ కనిపిస్తోంది. చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ముప్ఫై తొమ్మిది... నలభై... చాల్లే, తియ్యవే ఇంక!"