జాకీల మీద ఇళ్లు, మైకు ముందు అర్జీలు

కేటీ, టెక్సస్

బావగారికి,

అక్క మోకాళ్ల నొప్పులు తగ్గాయని తలుస్తాను. హ్యూస్టన్ పక్కనున్న ఈ కేటీకి వచ్చి నెల దాటింది. ఫోన్లో సగం మాటలు మింగేస్తున్నానని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి, అక్కకూ చదివి వినిపించండి.

మొదట ఇల్లు లేచిన సంగతి. పోయిన వారం పొద్దున నడకకు పోతే ఒక వీధిలో ఇల్లు గాల్లో ఉంది! కింద కొయ్య దుంగలను గళ్లు గళ్లుగా పేర్చి, మధ్యమధ్యలో జాకీలు పెట్టారు. మన హిందూపురం బస్టాండు దగ్గర లారీ టైరు మార్చే జాకీల్లాంటివే, కాకపోతే పదుల కొద్దీ ఉన్నాయి. గోడలు, కిటికీలు, తలుపుకు కట్టిన పూలచక్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క బీట కూడా పడలేదు. నేను అరగంట నిలబడి చూశాను.

ఎందుకు లేపుతున్నారయ్యా అని మా అల్లుణ్ణి అడిగితే హార్వీ తుఫాను కథ చెప్పాడు. 2017 ఆగస్టులో వచ్చింది. ఈ రాష్ట్రంలోనే నెడర్లాండ్ అనే ఊళ్లో 60.58 అంగుళాల వాన కురిసిందట. లెక్క వేశాను, 1,539 మిల్లీమీటర్లు. మన అనంతపురం సీమకు ఏడాది మొత్తానికి సగటు 552 మిల్లీమీటర్లు కదా! మనకు మూడేళ్లలో పడేదానికి కొంచెం తక్కువగా ఒక్క తుఫానులోనే పోసేసింది. ఆ తర్వాత హ్యూస్టన్ నగరం నిబంధన బిగించింది. 2018 సెప్టెంబరు 1 నుంచి ముంపు ప్రాంతంలో కట్టే కొత్త ఇంటి నేల, అయిదు వందల ఏళ్ల వరద (అంటే ఏ ఏడాదైనా అయిదు వందల్లో ఒక వంతు అవకాశమున్న వరద) మట్టానికి రెండడుగులు పైన ఉండాలి. పాత ఇళ్లకూ ఒక మెలిక ఉంది. వరదకు చెడిన ఇంటిని బాగు చేయడానికి అయ్యే ఖర్చు, చెడకముందు ఆ ఇంటి విలువలో సగానికి చేరితే చాలు, దాన్నీ కొత్త ఇంటి లెక్కనే ఎత్తు పెంచాలి. ఈ సగం లెక్క కేంద్ర వరద బీమా నిబంధనల్లోదే.

ఇక్కడి చెరువును చూస్తే మీరు నమ్మరు బావా. బార్కర్ అని పేరు, 1940లలో కట్టారు. కట్ట పొడవు సుమారు 22 కిలోమీటర్లు, అంటే హిందూపురంలో మొదలుపెడితే లేపాక్షి దాటిపోతుంది. లోపల మాత్రం నీళ్లు లేవు! గడ్డి, చెట్లు, నడిచేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు. కరువు ఏట మన బుక్కపట్నం చెరువు గుర్తొచ్చింది. హ్యూస్టన్ నగరం మునగకుండా, వాన వచ్చినప్పుడు మాత్రమే నీళ్లు ఆపే చెరువు ఇది. నీళ్లు లేని చెరువు మనిషికి చెరువులా కనపడదు కదా! నిండితే నీళ్లు వెనక్కి పాకే చోట వేల ఇళ్లు కట్టేశారు. హార్వీ రాత్రుల్లో చెరువు తన చోటు తాను తీసుకుంది. 2019 డిసెంబరులో ఆ ముంపుకు కేంద్ర ప్రభుత్వమే బాధ్యత వహించాలని కోర్టు తీర్పు చెప్పింది. నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటి. కొన్ని లేఅవుట్ల ప్లానుల మీద, ఈ స్థలం ముంపుకు గురికావచ్చని చిన్న అక్షరాల్లో ఎప్పుడో రాసే ఉంది. కొన్నవాళ్లలో చాలామంది అది చూడనేలేదు.

అసలు వింత ఇప్పుడు చెబుతాను. పక్కనున్న ఒక చిన్న ఊళ్లో ఇలాంటి ఎత్తు నిబంధనల నుంచి మినహాయింపు అడిగేవాళ్ల విచారణ జరుగుతుంటే అల్లుడు తీసుకుపోయాడు. ఎవరైనా పోవచ్చు, చీటీ అడగరు. మన మున్సిపల్ కౌన్సిల్ హాలులో సగం ఉండే గది. బోర్డు సభ్యులు మామూలు ఊరివాళ్లే. ఎదురుగా మైకు, అర్జీదారుకు గడియారం పెట్టి కొన్ని నిమిషాలు. చెయ్యెత్తి ప్రమాణం చేసి మాట్లాడాలి.

అర్జీలు రెండు రకాలు. నిబంధనను అధికారి తప్పుగా చదివాడంటే అది అప్పీలు. నిబంధన సరే, నా స్థలానికి మాత్రం సడలించండంటే అది వేరియన్స్. ఈ తేడా నాకు భలే నచ్చింది. మన దగ్గర రెండింటినీ కలిపి ఒకే అర్జీలో కన్నీళ్లతో రాస్తాం.

ఒక పెద్దాయన లేచాడు. డెబ్బై దాటి ఉంటాయి. పాత ఇంటికి కింది మట్టంలోనే ఒక గది కలుపుకుంటానని, భార్యకు మోకాళ్లు పట్టేశాయని, మెట్లు ఎక్కలేదని చెప్పాడు. అక్క కళ్ల ముందు మెదిలింది. ఇచ్చేస్తారనుకున్నాను. ఒక సభ్యురాలు మెల్లగా అడిగింది: “ఈ కష్టం మీదా, మీ స్థలానిదా?” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, నాదేనన్నాడు.

ఇవ్వలేదు బావా. ర్యాంపు గానీ లిఫ్టు గానీ పెట్టుకునే దారి చూపించారు, కోర్టుకు పోవచ్చని కూడా చెప్పారు. నాకు గొంతు పట్టేసింది. దారిలో అల్లుడు వివరించాడు. మనిషి వయసు, జబ్బు, డబ్బు ఇబ్బంది ఒక్కటీ సరిపోవు. ఆ నేలకే వేరే ఎవరికీ లేని ఇబ్బంది ఉండాలి. పక్కవాళ్లకు నీటిమట్టం పెరగకూడదు. ఎంత అవసరమో అంతే సడలిస్తారు. వాళ్లిద్దరి తర్వాతా ఆ గది ఉంటుంది, అందులో ఎవరి పసిబిడ్డో పడుకుంటుంది. అది విన్నాక కూడా నా బాధ పోలేదు, కానీ తీర్పు తప్పని అనలేకపోయాను.

రెండో అర్జీ ఒక చారిత్రక భవనం బాగుచేతకు. దానికి ఇచ్చారు. పాత కట్టడం రూపు చెడకుండా ఉండాలంటే సడలించవచ్చని నిబంధనలోనే ఉంది. పెనుకొండ గగన్ మహల్‌ను జాకీలు పెట్టి లేపితే అది గగన్ మహల్ అవుతుందా చెప్పండి! అరెకరానికి, అంటే యాభై సెంట్లకు, మించని స్థలం చుట్టూ అప్పటికే పల్లంలో కట్టిన ఇళ్లుంటే దానికీ దారి ఉంది.

ఇచ్చినా ఊరికే పంపరు. అధికారి సంతకంతో ఒక లేఖ చేతికిస్తారు. మీరు వరద మట్టానికి కింద కడుతున్నారు, ప్రాణానికీ ఆస్తికీ ముప్పు పెరుగుతుంది, బీమా ప్రీమియం వంద డాలర్ల బీమాకు 25 డాలర్ల దాకా పోవచ్చు అని అందులో ఉంటుంది. ఎందుకు ఇచ్చారో కారణం రాసి ఊరి రికార్డులో భద్రపరుస్తారు. ఆ లేఖ నకలు ఒకటి అల్లుడు సంపాదించి చూపించాడు. ఒకే పేజీ, మెత్తటి మాట ఒక్కటీ లేదు. రెండుసార్లు చదివించుకున్నాను.

మేనల్లుడు పెనుకొండ దగ్గర వంక పక్కన లేఅవుట్లో స్థలం చూశానన్నాడు కదా. కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అటు ధరలు ఎలా ఉన్నాయో తెలుసు, తొందర కూడా అర్థమవుతుంది. అయినా నేను వచ్చేదాకా బయానా ఇవ్వొద్దనండి. 2017 నాటి మన భవన నిబంధనల్లో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకైనా, పది మీటర్లకు మించి వెడల్పున్న వంకకైనా 9 మీటర్లు వదలాలని ఉంది. తర్వాత బీపీఎస్‌లో, అంటే అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకంలో, జరిమానా కట్టేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు, చెరువులో స్థలాలకు అది వర్తించదు. ఆ పక్క గొర్రెలు మేపే ముసలివాళ్లను అడగమనండి, మరవ పారినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు చేత్తో చూపిస్తారు.

ఇంకొక్కటి. పోయిన వానలకు మీ మగ్గం గుంతలోకి నీళ్లొచ్చి పట్టుపోగు తడిసినప్పుడు గోడమీద మరక పడింది కదా, అక్క పండక్కి సున్నం కొడదామంటోందట. ఆ ఒక్క బెత్తెడు వదిలేయమనండి. పక్కన బొగ్గుతో తేదీ రాయండి.

మీ బావమరిది