సాయం చెయ్యి

మాది శ్రీకాకుళం జిల్లా. ఓడల డాక్‌లో పని కోసం మా ఆయన కలకత్తా వస్తే, పెళ్ళయ్యాక నేనూ అక్కడి వాట్‌గంజ్ చేరాను. మా బాబు ఏడాది నిండకముందు నుంచీ ఏ వస్తువైనా ఎడమచేత్తోనే అందుకునేవాడు. "తాతలాగే ఎడమచేతి వాటం" అని మా అత్తగారు మురిసిపోయేవారు. కుడి పిడికిలి మాత్రం బొటనవేలిని లోపల పెట్టుకుని ఎప్పుడూ బిగిసే ఉండేది. స్నానం చేయించేటప్పుడు ఆ వేళ్ళు విప్పితే, అరచెయ్యి తెల్లగా నానిపోయి పులిసిన వాసన వచ్చేది.

మొదట చూపించిన డాక్టరు, మగపిల్లలకు అన్నీ ఆలస్యమేనంటూ టానిక్ రాసిచ్చి పంపేశారు. దాంతో చాలా కాలం వృథా అయిపోయింది. తర్వాత చూసిన న్యూరాలజిస్టు అసలు సంగతి చెప్పారు. ఏడాదిలోపు పిల్లలకు వాటం తేలదు. అప్పుడే ఒక చేతినే వాడుతున్నారంటే రెండో చేతిని చూపించుకోవాలి. మెదడులో ఎడమవైపు దెబ్బతినడం వల్ల వీడికి కుడిపక్క బిగిసింది. సెరిబ్రల్ పాల్సీలో ఇదొక రకమట. మందులతో నయమయ్యేది కాదు, చేతికి పని నేర్పాలి.

కలకత్తాలోనే తారాతలాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ ఉందని డాక్‌లో ఒక బెంగాలీ ఆయన చెప్పాడు. 1974లో సుధా కౌల్ మొదలుపెట్టిన సంస్థ అది. వేళ్ళ సంగతి తర్వాత, ముందు కుదురుగా కూర్చోబెట్టమన్నారు అక్కడ. పాదాలు నేలకు ఆనాలి, బల్ల మోచేతి ఎత్తున ఉండాలి. భుజం నిలవకపోతే వేళ్ళు ఆడవు. చొక్కా వేసేటప్పుడు ముందు కుడిచెయ్యి దూర్చాలి, విప్పేటప్పుడు ముందు ఎడమచెయ్యి తియ్యాలి.

అన్నిటికన్నా కష్టమైంది, బాగున్న ఎడమచేతికి రోజూ కాసేపు గుడ్డ తొడుగు వెయ్యడం. ఆ చెయ్యి ఊరుకుంటేనే కుడిచెయ్యి కదులుతుందన్నారు. వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. ఒకటే గది, నైట్ షిఫ్టు చేసొచ్చిన మా ఆయన లేచి కూర్చునేవాడు. "పనిచేసే చెయ్యి కట్టెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయే?" అని అత్తగారు అన్నం ముందునుంచి లేచిపోయేవారు. నేనూ ఏడుస్తూనే తొడిగేదాన్ని.

స్టీలు పళ్ళెంలో మరమరాలు పోసి ముందు పెట్టేదాన్ని. మొదట్లో అరచేత్తో ఊడ్చేసేవాడు, అన్నీ నేలపాలయ్యేవి. కొన్నాళ్ళకు నాలుగు వేళ్ళతో దగ్గరికి లాక్కోవడం వచ్చింది. ఆ తర్వాత చాలా నెలలకు బొటనవేలు బయటికొచ్చి, చూపుడువేలి పక్కన ఒక గింజను నొక్కిపట్టింది. నోటిదాకా రాకుండానే అది జారిపోయింది. మళ్ళీ పట్టాడు.

కుడిచెయ్యి ఎడమచేతిలా అవుతుందని నాకెవరూ మాటివ్వలేదు. అది సాయం చేస్తే చాలన్నారు. ఇప్పుడు ఎడమచేత్తో రాస్తుంటే కుడిచెయ్యి కాగితాన్ని అదిమిపడుతుంది. ఎడమచెయ్యి మూత తిప్పుతుంటే సీసాను పట్టుకుంటుంది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటాడు, మెడ దగ్గరది తప్ప.

చదువుకు పంపబోతే ఒక బడివాళ్ళు మా వల్ల కాదన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం నలభై శాతం లేదా అంతకు మించి ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. వాడి వైకల్యానికి సర్టిఫికెట్ తెచ్చుకుని వేరే బడిలో చేర్చాం. తల్లులకు ఒక్కటే చెబుతాను. స్నానం చేయించేటప్పుడు రెండు పిడికిళ్ళూ విప్పి చూడండి. ఒకటి విప్పుకోనంటుంటే, ఎవరు ఏ వాటమన్నా ఆగకండి.