ఇంగ్లీషు మడి

మన సంఘం ఉగాది విందుకి నేను తెచ్చే గిన్నె పక్కన ఎప్పుడూ ఒక చీటీ ఉంటుంది: "పాలు, పెరుగు, నెయ్యి, తేనె లేవు." చదివినవాళ్ళలో సగంమంది జాలిగా చూసి, "మరి ఇందులో ఏముందండీ డాక్టరుగారూ?" అని అడుగుతారు. పులిహోర ఉందండీ. మీ ఇంట్లో చేసుకునే పులిహోరే. చింతపండు, నువ్వులనూనె, వేరుశనగపప్పు, ఇంగువ, కరివేపాకు. ఇందులో పాలు ఎప్పుడున్నాయి గనక? అసలు మా గుంటూరు వంటింట్లో గోంగూర పప్పు, పప్పుచారు, బెండకాయ పులుసు, కందిపొడి, ఆవకాయ అన్నీ పుట్టుకతోనే వీగన్లు. పేచీ అంతా మొదట వేసే నేతిచుక్కతోనూ, చివర కలిపే పెరుగుతోనూ. అయితే తెలుగువాడి భోజనానికి మొదలూ చివరా ఆ రెండే కదా, అందుకని నామీద జాలి.

ఇది నేను పుస్తకాలు చదివి పట్టుకున్న వ్రతం కాదు. పాప పుట్టిన రెండో నెలలో ఒళ్ళంతా దద్దుర్లు, విరోచనంలో రక్తపు చారలు. ఆవుపాల ఎలర్జీ అన్నారు. నేనే పాలిస్తున్నాను గనక నేనూ పాలు, పెరుగు మానేయవలసి వచ్చింది. నాలుగో ఏడు వచ్చేసరికి పాపకి ఎలర్జీ తగ్గిపోయింది. చాలామంది పిల్లలకి అలాగే తగ్గుతుంది. నేను మాత్రం మళ్ళీ మొదలుపెట్టలేకపోయాను. లెస్టర్ చుట్టుపక్కల పొలాలవెంట కారులో పోతుంటే పాలావులు కనబడతాయి. ఈ దేశపు పాడిలో దూడను పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే తల్లినుంచి వేరుచేయడం మామూలు. బిడ్డకి పాలిచ్చే రోజుల్లో ఆ సంగతి విన్నాను. ఇంకొకప్పుడు వినివుంటే ఏమయ్యేదో తెలియదు.

మేముండే ఈ లెస్టరుకీ ఆ మాటకీ బంధుత్వం ఉందని తర్వాత తెలిసింది. 1944 నవంబరులో డొనాల్డ్ వాట్సన్ అనే చెక్కపని మేష్టారు ఈ ఊళ్ళో ఉంటూనే 'ది వీగన్ న్యూస్' అని ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. 'వెజిటేరియన్' అన్న ఇంగ్లీషు మాటలో మొదటి మూడక్షరాలూ, చివరి రెండక్షరాలూ కలిపితే 'వీగన్'. మన సంఘ పత్రికలాగే అదీ కొద్దిమంది కోసం టైపు కొట్టి పంచిన కాగితాలే. ఆ రోజుల్లో వాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. బి12 విటమినుని వేరుచేసింది 1948లో. దాన్ని తయారుచేసేది బాక్టీరియా. మొక్కలూ తయారుచేయలేవు, జంతువులూ తయారుచేయలేవు. పప్పులూ కూరగాయలూ ఎన్ని తిన్నా అది రాదు. తొలి వీగన్లలో కొందరికి కాళ్ళు తిమ్మిర్లెక్కి, నాలుక మండి జబ్బుచేసిందని 1950లలో ఇక్కడి వైద్యులే రాశారు. అంచేత నేను రోజూ పది మైక్రోగ్రాముల బి12 మాత్ర తప్పకుండా వేసుకుంటాను. అయోడిను కూడా. ఇది మనవాళ్ళు చాలామంది పట్టించుకోని సంగతి: ఇండియాలో ఉప్పులో అయోడిను కలుపుతారు, ఇక్కడ అంగట్లో దొరికే ఉప్పులో చాలావరకు కలపరు. ఈ దేశస్థులకి అయోడిను ముఖ్యంగా పాలనుంచే అందుతుంది. పాలు మానేసినవాళ్ళు వేరేదారి చూసుకోవాలి.

పెరుగు సంగతి అడుగుతారని తెలుసు. ఓట్ల పాలు తోడుకోవు, ఎంత బతిమాలినా సరే. సోయాపాలలో మాంసకృత్తులు బాగా ఉంటాయి గనక తోడుకుంటాయి. పంచదార కలపని సోయాపాలు గోరువెచ్చగా చేసి, నాలుగు ఎండుమిరపకాయల తొడిమలు వేసి, బాయిలరు ఉన్న అలమరలో ఓ రాత్రి ఉంచితే మొదటి తోడు వస్తుంది. ఆ మొదటిది పారబోసినా బాధలేదు. దానితో వేసిన రెండో తోడు బాగుంటుంది. మజ్జిగపులుసుకి ఇబ్బందిలేదు. ఆవకాయ ముక్కతో పెరుగన్నానికి మాత్రం, నిజం చెప్పాలంటే, అది చాలదు. ఆరేళ్ళయినా చాలదు.

హోటళ్ళలో భోజనం ఇంకో కథ. మా ఊళ్ళో బెల్‌గ్రేవ్ రోడ్డు పొడుగునా గుజరాతీవాళ్ళ శాకాహార హోటళ్ళున్నాయి. గాంధీగారు విద్యార్థిగా లండను వీధుల్లో ఆకలితో తిరిగి ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార హోటలు కనిపెట్టి ఎంత సంబరపడ్డారో ఆత్మకథలో రాసుకున్నారు. ఆ లెక్కన మనం స్వర్గంలో ఉన్నట్టే. కాని శాకాహారమంటే మనవాళ్ళకి పాలసముద్రమే. ఒకచోట "నెయ్యి వేశారా?" అని అడిగితే, పెద్దాయన నొచ్చుకుని, "లేదమ్మా, ఒట్టు, వెన్న వేశాం" అన్నాడు. 2014 డిసెంబరునుంచి ఈ దేశంలో ఏ హోటలువాళ్ళయినా పద్నాలుగు రకాల ఎలర్జీ పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో అడిగితే చెప్పితీరాలి. అందులో పాలు ఒకటి. "నాకు ఎలర్జీ" అని ఒక్క అబద్ధం ఆడితే వంటవాడే బయటికొచ్చి వివరం చెబుతాడు. నేను ఆడను. నిజమైన ఎలర్జీ ఉన్న బిడ్డని పెంచాను. ఉత్తుత్తి ఎలర్జీలు విని విని వాళ్ళు నిజమైనదాన్ని తేలిగ్గా తీసుకునే రోజు రాకూడదు. అంచేత "ఎలర్జీ కాదు, అలవాటు" అని ముందే చెప్పి, కాస్త విసుక్కున్నా భరిస్తాను.

పోయిన వేసవిలో మా అమ్మ గుంటూరునుంచి మూడు నెలలుండటానికి వచ్చింది. మొదటి శనివారమే అమ్మని ఒక హోటలుకి తీసుకెళ్ళాం. నా అడుగుడంతా విని అమ్మ ముఖం ఎర్రబడింది.

"నలుగురిలో ఏంటే ఈ విచారణ? మీ నాయనమ్మ మడి కట్టుకుంటే చాదస్తమన్నావు. ఇప్పుడు నువ్వు ఇంగ్లీషు మడి కట్టావు."

మా వారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇప్పటికీ ఇంట్లో అదే పేరు. భోజనంచేసి కారుదాకా వచ్చాక పాప, "అమ్మమ్మా, నీ చెప్పేది?" అంది. చూస్తే అమ్మ ఎడమకాలికి చెప్పు లేదు. అది హోటల్లో బల్లకింద ఉండిపోయింది. అందరం పొట్టపట్టుకుని నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. అక్కడున్న ఇద్దరు డాక్టర్లలో ఒక్కరమూ ఇంకేమీ అనుకోలేదు.

ఇక పట్టు సంగతి. అమ్మ పెట్టెలో తన పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర తెచ్చింది, మనవరాలికి పరికిణీ కుట్టడానికి. నేను పట్టు కట్టను. పురుగు సీతాకోకై గూడు చీల్చుకుని వస్తే దారం తెగిపోతుంది, అంచేత లోపల ప్రాణం ఉండగానే గూళ్ళను వేడికి చంపుతారు. ఒక్కో గూటినుంచి వందల మీటర్ల దారం తెగకుండా వస్తుంది. ఈ ఉపన్యాసమంతా చెప్పాను. హైదరాబాదులో ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు పురుగు బయటికి వెళ్ళిపోయాక మిగిలిన గూళ్ళనుంచి నూలు తీసి 'అహింసా పట్టు' నేయించారనీ, అప్పటి రాష్ట్రపతి వెంకట్రామన్ గారి భార్య జానకిగారు చంపని పట్టు దొరకదా అని అడగడమే ఆయనకి ప్రేరణ అనీ కూడా చెప్పాను. అమ్మ శాంతంగా విని, "నా పెళ్ళికి ఆయనెవరో మాకు తెలియదు. ఆ పురుగులు నలభయ్యేళ్ళకిందట పోయాయి. ఇప్పుడు నువ్వు చీర బీరువాలో పెడితే లేచొస్తాయా?" అంది.

దీనికి నాదగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అయినా కూడదన్నాను. రెండ్రోజులు అమ్మ నాతో పాపద్వారానే మాట్లాడింది. చివరికి రాజీ కుదిరింది: పరికిణీకి నేను తెప్పించిన మంగళగిరి నూలుగుడ్డ, అడుగున చీర అంచు మట్టుకు పట్టీగా.

కుట్టేది అమ్మ. మా చిన్నప్పుడు ఇంట్లో కాలితో తొక్కే ఉషా మిషను ఉండేది. మా అక్కచెల్లెళ్ళ జాకెట్లూ, గౌన్లూ, నాన్నగారి పైజమాలూ అన్నీ అమ్మే. దర్జీ మా గడప తొక్కలేదు. గుండీలకి కాజాలు అమ్మ మాట్లాడుతూ, గుడ్డవైపు చూడకుండా కుట్టేది. నేను ఇక్కడ కుట్టు పట్టుకున్నదీ ఆ జ్ఞాపకంతోనే. పైగా అంగట్లో కోటు కొంటే ఉన్ని, చొక్కా కొంటే ముత్యపుచిప్ప గుండీలు. కొబ్బరిచిప్ప గుండీలు వేసి నా బట్టలు నేనే కుట్టుకుంటాను, వంకరగానే అనుకోండి. నాది కరెంటు మిషను, కిందపెట్టి పాదంతో నొక్కే పెడల్.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. మిషను ఉన్నట్టుండి పరుగెత్తడం, ఆగడం, మళ్ళీ పరుగెత్తడం వినబడుతోంది. వెళ్ళి చూశాను. "ఈ పెడల్ మీద నా కాలుందో లేదో తెలియట్లేదే," అంది అమ్మ, మిషనుమీద విసుగ్గా. చేతిసూదితో అంచు టాకాలు వేస్తోంది. తెల్లటి గుడ్డమీద నాణెమంత ఎర్రటి మరక. "అమ్మా, రక్తం!" అన్నాను. అమ్మ వేళ్ళు తిప్పిచూసుకుని ఆశ్చర్యపోయింది. సూది ఎప్పుడు గుచ్చుకుందో తనకి తెలియదు.

అప్పుడు చెప్పు గుర్తొచ్చింది.

కూర్చోబెట్టి అడిగితే అన్నీ ఉన్నాయి. ఏడాదిగా అరికాళ్ళు దూదిమీద నడిచినట్టున్నాయట. చీకట్లో స్నానాలగదికి వెళ్ళాలంటే గోడ పట్టుకోవాలట. వేళ్ళు మొద్దుబారాయట. కాజాలు మానేసి చాలా రోజులైందట. "షుగరుకి అంతేనన్నారు కదా, చెప్పి నిన్ను కంగారుపెట్టడం దేనికని." అమ్మకి పద్నాలుగేళ్ళుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. షుగరు మాత్రం ఎప్పుడూ అదుపులోనే. అదుపులో ఉన్న షుగరు ఇంతలా ఎందుకు చేస్తుంది? పైగా షుగరు తిమ్మిరి సాధారణంగా కాళ్ళలో మొదలై, చాలా పైకెక్కాకగానీ చేతులకి రాదు. కాళ్ళూ చేతులూ ఇంచుమించు ఒక్కసారే మొదలైతే బి12 చూడమని మేం విద్యార్థులకి చెబుతాం. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే పేగుల్లో బి12 ఒంటపట్టడం తగ్గుతుంది. ఆ మందు వాడేవారిలో ఇలాంటి లక్షణాలుంటే బి12 పరీక్షించమని ఈ దేశపు మందుల నియంత్రణ సంస్థ 2022 జూన్‌లో వైద్యులందరికీ సూచన పంపింది. నేను చదివాను. నా రోగులకి పరీక్షలు రాశాను కూడా.

సొంతవాళ్ళకి వీలైనంతవరకు వైద్యం చేయకూడదని మా వృత్తినియమం. ఒక సహోద్యోగి దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళుమూసుకుని నిలబడమంటే అమ్మ తూలింది. చీలమండమీద శ్రుతిదండం మోగించి పెడితే, "చల్లగా ఉంది" అంది, మోగుతున్నట్టు తెలియలేదు. రక్తంలో బి12 ఉండవలసినదానిలో సగానికి తక్కువ. హెమోగ్లోబిను మట్టుకు దాదాపు సరిగ్గానే ఉంది. రక్తం బాగుండగానే నరాలు దెబ్బతినవచ్చు.

మూడు పూటలా పెరుగన్నం తినే అమ్మకి. వచ్చినరోజునుంచి "పాలూ పెరుగూ లేకపోతే బలమెక్కడినుంచి వస్తుందే?" అని నన్ను అడుగుతున్న అమ్మకి. పాల ద్వారా వచ్చే కొంచెం బి12 కూడా ఆమెకి ఒంటపట్టడంలేదు. నాది పరీక్షలో నిక్షేపంగా ఉంది. ఆ నెలరోజులూ నేను భోజనం బల్లదగ్గర చేసిన పని నా పళ్ళేన్ని సమర్థించుకోవడం. ఎదురుగా కూర్చున్న మనిషి చెంచాని పిడికిలితో పట్టుకోవడం చూడలేదు.

రోజువిడిచి రోజు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదటిరోజు అమ్మ నర్సుని నాచేత అడిగించింది, ఇందులో పాలేమైనా ఉన్నాయా అని. లేవమ్మా, బాక్టీరియాని పెంచి తీస్తారు అన్నాను. "అయితే నీ ఇంగ్లీషు మడికి భంగంలేదు," అని చెయ్యి చాపింది.

ఆరు వారాలకి చేతివేళ్ళు చాలావరకు తేరుకున్నాయి. సూదిలో దారం ఎక్కించి నాకు చూపించింది, పదో తరగతి పాసైన పిల్లలాగా. పాదాలు అంత తేరుకోలేదు. ఆలస్యంగా పట్టుకున్నవి పూర్తిగా రాకపోవచ్చని ఇద్దరికీ తెలుసు. దాని గురించి మాట్లాడుకోలేదు. చెప్పులకి వెనక పట్టీ కుట్టించాం.

పరికిణీ పూర్తిచేసింది అమ్మే, పెడల్ నేను తొక్కుతుంటే. "నెమ్మది... ఆపు... ఊఁ, పోనీ" అని తను చెబుతూ, గుడ్డ తను నడుపుతూ. నడుముపట్టీకి కుచ్చిళ్ళు సన్నగా కుదిరాయి. అడుగున పిల్ల పొడుగైనకొద్దీ విప్పుకోవడానికి మూడు మడతలు పెట్టింది. రక్తపు మరకని చన్నీళ్ళూ ఉప్పూ వేసి ఉతికినా లేత గోధుమరంగు జాడ మిగిలింది. అమ్మ ఆ జాడ సరిగ్గా మధ్య మడత లోపలికి వచ్చేట్టు లెక్కచూసి కుట్టింది.

ఇప్పుడు ఆదివారాలు గుంటూరునుంచి ఫోను వస్తుంది. నేను అడిగేది ఇంజెక్షను సంగతి, అమ్మ అడిగేది పరికిణీ సంగతి. మొదటి మడత సంక్రాంతికి విప్పాం. పిల్ల ఎదిగే తీరుచూస్తే రెండోది వచ్చే ఉగాదికి విప్పాలి.