తమ్మిలేటి వెంట ఒక వానరోజు

ఆగస్టు నెల రెండవ శనివారం, పిల్లలకు బడి లేదు. తెల్లవారుజాము నుండి ముసురు పట్టి ఉంది. దెందులూరులో మా ఇంటి చూరు నుండి ధార కడుతున్న నీళ్ళను చూస్తూ మా పెద్దబాబు, "మా క్లాసులో అందరూ జలపాతాలు చూశారు, మనం ఎప్పుడు చూస్తాం?" అని మొదలుపెట్టాడు. బుట్టాయగూడెం అడవుల్లో జలపాతం ఉన్నమాట నిజమే గాని, వానల్లో ఆ దారిన కొండవాగులు ఎప్పుడు పొంగుతాయో తెలియదు. పిల్లలతో అటు వెళ్ళడానికి మావారు ఒప్పుకోలేదు. "తమ్మిలేరు ప్రాజెక్టు గేట్లు ఎత్తారట. నీళ్ళు దూకడమేగా కావలసింది, అది చూపిస్తాను" అన్నారు.

అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న మా అత్తగారు, "ఏదో ఒకటి చూపించండి. సాయంత్రానికి మాత్రం నన్ను మా తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళండి" అన్నారు.

ఆమె తమ్ముడు కొల్లేటి లంకలో ఉంటారు. మే నెలలో ఆయనకు గుండెనొప్పి వచ్చి ఏలూరు ఆసుపత్రిలో వారం రోజులున్నారు. అప్పుడే మా అత్తగారు కాలు విరిగి మంచం మీద ఉన్నారు. ఫోనులో మాట్లాడుకోవడమే గాని క్రిస్మస్ తరువాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆమెకు డెబ్బయ్యారేళ్ళు, ఆయనకు డెబ్బయి. ఆ వయసులో ఎనిమిది నెలలంటే తక్కువ కాదు.

పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, ప్రార్థన చేసుకుని ఎనిమిదింటికి బయలుదేరాం.

దెందులూరు దిగువన అంతా గోదావరి కాలువ నీటితో పండే వరిపొలాలు. అప్పటికి నాట్లు పూర్తయి చేలు లేతాకుపచ్చగా ఉన్నాయి. పెదవేగి వైపు తిరిగేసరికి నేల రంగే మారిపోతుంది. ఎర్రమట్టి, మామిడి, మొక్కజొన్న, ఇరువైపులా పామాయిలు తోటలు. ఆ చెట్లమీద పరిశోధన చేసే జాతీయ సంస్థ 1995 నుండి పెదవేగిలోనే ఉంది. ఒకప్పుడు శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి ఇదేనని చెబితే మా చిన్నపాప కిటికీలోంచి చూసి, "కోట ఏది?" అంది. దిబ్బలే మిగిలాయి తల్లీ అన్నాను. దానికి నచ్చలేదు.

ధర్మాజీగూడెం దాటాక వాన ఎక్కువైంది. కారు అద్దాలు తుడిచే పుల్లలు ఎంత ఆడినా ముందు దారి కనబడక రెండుచోట్ల ఆగవలసి వచ్చింది. చింతలపూడి దాటి నాగిరెడ్డిగూడెం దగ్గర ప్రాజెక్టుకు చేరేసరికి పదకొండు. తమ్మిలేరు పై నుండి, ఖమ్మం జిల్లా వైపు నుండి వస్తుంది. వేసవిలో ఇసుక తప్ప ఏమీ కనబడని ఏరు. ఆ రోజు మాత్రం గేట్ల కింద నుండి ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుకుంటూ దూకుతున్నాయి. ఆ హోరులో పక్కనున్నవారి మాట వినబడలేదు. జలకణాలు ముఖాన పడుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. కావలి మనిషి కేకవేసి వాళ్ళను వెనక్కి పిలిచాడు. మంచిపని చేశాడు.

మా అత్తగారు కారు దిగలేదు. తలుపు తెరిచి, గొడుగు పట్టుకుని అక్కడి నుండే చూస్తున్నారు. పెద్దబాబు తడిసి వచ్చి, "మామ్మా, ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి?" అన్నాడు.

"మీ చినతాత ఇంటి ముందుకు" అన్నారామె.

వాడు వేళాకోళమనుకున్నాడు. కాని అది అక్షరాలా నిజం. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై, ఊరికి చెరోవైపున పారి కొల్లేటిలో కలుస్తుంది. బుడమేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో మురుగుకాలువలు అక్కడికే చేరతాయి. ఇన్ని దారుల్లో వచ్చిన నీరు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి వెళ్ళే ఆ ఏరు పూడుకుపోయి, ఇరుకైపోయి ఉంది. పైన ఒక్కరోజు కురిసిన వాన కింద వారాలకొద్దీ నిలబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది మనందరికీ తెలుసు. టీవీల్లో అంతా ఆ నగరాన్నే చూశాం. ఆ నీరు అక్కడి నుండి తీసి కొల్లేటికి వచ్చినప్పుడు లంకల దారులు మునిగి, జనం పడవల మీద తిరిగారు. దాన్ని చూసినవారు తక్కువ.

అన్నాలు కారులోనే తిన్నాం. వెనక్కి తిరిగి, ఏలూరు మీదుగా కైకలూరు రోడ్డు పట్టేసరికి మూడు గంటలు. ఇక్కడి నుండి మా అత్తగారే మాకు దారి చూపినట్లయింది.

"నా పెళ్ళి పడవ ఇటే వచ్చింది" అన్నారు, చేపల చెరువు గట్టు ఒకటి చూపించి. ఆమె పుట్టిననాటికి లంకకు రోడ్డు లేదు. వానాకాలమంతా ఊరిచుట్టూ నీళ్ళు, పడవే కాలినడక. వేసవిలో నీరు తీసిపోతే ఆ మట్టిలోనే వరి వేసేవారు. తండ్రి తాటిదోనె మీద గెడ వేసుకుంటూ వెళ్ళి, మావులు ఎత్తి కొరమీనులు, జెల్లలు తెచ్చేవాడట. దాహమైతే నాచు చేత్తో పక్కకు నెట్టి కొల్లేటి నీళ్ళే తాగేవారట. ఇప్పుడు అదే లంకలో తాగే నీళ్ళు డబ్బాల్లో కొంటున్నారు.

1970ల చివర నుండి చేపల చెరువులు మొదలయ్యాయి. గట్లమీద గట్లు లేచి, శీలావతి, బొచ్చె చేపలు లారీలెక్కి కలకత్తా దాకా వెళ్ళాయి. కొందరి ఇళ్ళు మేడలయ్యాయి. చాలామంది తమ నీళ్ళలోనే కూలీలయ్యారు. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో యంత్రాలు తెచ్చి గట్లు తెంచారు. తెగినవాటిలో పెద్దవారివీ ఉన్నాయి, రెండెకరాల వాడివీ ఉన్నాయి. మా అత్తగారి తమ్ముడి వాటా అప్పుడే పోయింది. సరస్సు బ్రతకాలి అన్న మాట నాకూ ఒప్పుదలే. కాని ఆయన ముందు ఆ మాట అనడానికి నాకు ఈనాటికీ నోరు రాదు.

చలికాలమైతే ఆటపాక దగ్గర గూడబాతుల గుంపులు చూపిద్దును. ఆగస్టు వానలో గుర్రపుడెక్క, కిక్కిస పొదలు, తడిసి ముడుచుకున్న కొంగలు, అంతే. అయినా ఆకాశం, నీరు ఒకే బూడిదరంగులో కలిసిపోయి, గట్టుమీది కొబ్బరిచెట్లు గాలిలో వేలాడుతున్నట్లు కనబడుతుంటే పిల్లలు కూడా మాట్లాడటం మానేశారు.

పెదఎడ్లగాడి వంతెన దగ్గర నుండి పెనుమాకలంక వైపు దారి చీలుతుంది. అక్కడ నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. "కారు పోదండి. మోకాలి లోతు వచ్చేసింది. నిన్ననే ఆటోలు ఆపేశారు" అన్నారు. మావారు దిగి చూసివచ్చి తల అడ్డంగా ఊపారు. రోడ్డు కొంతదూరం కనబడి, అక్కడి నుండి నీళ్ళలోకి దిగిపోయింది.

అత్తగారు ఏడుస్తారేమో అనుకున్నాను. ఆమె ఫోను తీసి, "ఏరా, నేను ఎడ్లగాడి దగ్గర ఉన్నాను. నువ్వు రాగలవా?" అన్నారు.

ముప్పావుగంట తరువాత ఆయన వచ్చారు. కొడుకు గెడ వేస్తున్నాడు, ఆయన నడుమ ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కూర్చున్నారు. మనిషి సగమయ్యారు. లేవబోతే కొడుకు వద్దన్నాడు. అప్పుడు మా అత్తగారు చేసిన పనికి మేమంతా నిర్ఘాంతపోయాం. నా భుజం పట్టుకుని, నీళ్ళలోకి నాలుగడుగులు వేసి, విరిగి అతికిన కాలును జాగ్రత్తగా ఎత్తి పడవలో పెట్టి, తమ్ముడి పక్కన కూర్చున్నారు. పడవ ఒరగలేదు. "ఎక్కడ కూర్చోవాలో నాకు తెలుసులే" అన్నారు మావైపు చూసి.

అరగంటసేపు ఒక గొడుగు కింద కూర్చుని మాట్లాడుకున్నారు. దెందులూరు వచ్చి వానలు తగ్గేదాకా ఉండమని ఆమె. ఇల్లు విడిచి రానని ఆయన. "రాత్రిపూట నొప్పి వస్తే ఏం చేస్తావురా?" అని ఆమె అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. కొడుకు మాత్రం గెడ మీద చెయ్యివేసి నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ ప్రశ్న వాడు ప్రతి రాత్రీ వేసుకుంటూనే ఉంటాడు కాబోలు. ఏలూరు నుండి తెచ్చిన మందులు, రొట్టెలు ఇచ్చాం. ఆయన ఎండుచేపల మూట పిల్లల చేతికిచ్చారు.

"చినతాతా, పొద్దున మేం చూసిన తమ్మిలేరు నీళ్ళు మీ ఇంటికి వచ్చేశాయా?" అన్నాడు పెద్దబాబు.

"ఇంకా రాలేదురా. వస్తాయి" అన్నారాయన నవ్వుతూ.

చీకటి పడుతుండగా పడవ తిరిగింది. కిక్కిస వెనక టార్చిలైటు కనబడకుండా పోయేదాకా అత్తగారు కారెక్కలేదు. దారిపొడవునా ఆమె తడి చీరకొంగు పిండుతూనే ఉన్నారు గాని ఒక్కమాట మాట్లాడలేదు.

సోమవారం ప్రొద్దున ఆయన ఫోను చేశారు. "అక్కా, మనవడికి చెప్పు, వాడి నీళ్ళు వచ్చాయి. రెండో మెట్టు మునిగింది."

"ఇంకెన్ని మెట్లున్నాయిరా?" అని అడిగారు మా అత్తగారు.

"మూడు" అన్నారాయన.