బేగంపేటలో ఒక దోమ కథ

సికింద్రాబాదు వెళ్ళినవాళ్ళంతా స్టేషనూ, గడియారస్తంభమూ చూచి వస్తారు. ఈసారి నేను బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గరున్న ఒక పాత భవనం చూచి వచ్చాను. వెంట మా మేనల్లుడు. పరీక్ష తప్పి, నెల రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడని వాణ్ణి బలవంతాన బయలుదేరదీశాను.

ఒకప్పుడది సైనిక వైద్యశాల. మలేరియాకు దోమకూ సంబంధం ఉందేమోనన్న ఊహ పట్టుకుని, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1895లో సికింద్రాబాదు వచ్చాడు. రోగులను కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినిలో వెదికాడు, ఏమీ కనబడలేదు. దోమలు చచ్చిన నీళ్ళతో జ్వరం వస్తుందేమోనని, ఒప్పుకున్నవాళ్ళచేత తాగించి చూచాడు, అదీ తేలలేదు. 1897లో నీలగిరుల వైపు వెళ్ళి తానే మలేరియా పాలయ్యాడు. తిరిగివచ్చి మళ్ళీ దోమల ముందే కూర్చున్నాడు. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని ఉక్కలోనే పనిచేశాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి.

ఇంతకూ పొరపాటెక్కడ? అన్నాళ్ళూ ఆయన కోసినవి ఎక్కువగా బూడిదరంగు దోమలూ, చారల దోమలూ. ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి వాటిచేత కుట్టించుకున్నాడు. కూలి దోమకొక అణా! 20వ తేదీకి రెండే దోమలు మిగిలాయి. ఒకదాని కడుపుగోడలో గుండ్రని కణాలు; వాటిలో మలేరియా క్రిమిలో కనబడే నల్లని రేణువులు! మర్నాడు రెండోదానిలో అవే కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. మరుసటి ఏడు కలకత్తాలో, దోమకాటుతోనే వ్యాధి సోకుతుందని పక్షులలో నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది.

"అయితే మామయ్యా, మొదటి రెండేళ్ళూ వృథాయేగా?" అన్నాడు మావాడు.

"ఏ దోమ కాదో తెలిసింది కదురా! కాని, మళ్ళీ అవే దోమలు కోస్తూ కూర్చుంటే మాత్రం వృథాయే."

వాడేమీ అనలేదు. బస్సుకోసం నిలబడ్డప్పుడు మెల్లగా అన్నాడు: "లెక్కల్లో తప్పింది ఏ ప్రశ్నల దగ్గరో ఇంతవరకూ చూడనేలేదు, మామయ్యా."

ఇంతలో వాడి చేతిమీద దోమ వాలింది. కొట్టబోయి ఆగి, వంగి దాని రెక్కలవంక చూచాడు.