అమ్మ పుస్తకాల పెట్టె

ఊరగాయ జాడీ మీద ఏ ఏడాదిదో రాసి అంటించే అలవాటు మనలో చాలామందికి ఉంది. మరి ఇంట్లో పుస్తకాలు ఏవేవి ఉన్నాయని ఎవరైనా అడిగితే చెప్పగలమా? నేనైతే చెప్పలేకపోయాను.

మా అమ్మకు నవలల పిచ్చి. వారపత్రికల్లో సీరియల్స్ కత్తిరించి, వరుసగా పేర్చి బైండు చేయించుకునేది. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో సగం పుస్తకాలు పాతపేపర్ల వాడి తక్కెడలోకి వెళ్ళిపోయాయి. వేసింది ఎవరో కాదు, నేనే! తర్వాత ఏవేవి పోయాయో రాద్దామంటే పది పేర్లు కూడా గుర్తుకు రాలేదు.

నా బాధ చూసి మా అమ్మాయి, "మిగిలినవైనా రాసి పెట్టుకో అమ్మా" అంటూ ఫోన్‌లో లైబ్రరీథింగ్ తెరిచి చూపించింది. అమెరికాలో టిమ్ స్పాల్డింగ్ అనే ఆయన 2005లో దాన్ని మొదలుపెట్టారట. ఎవరి పుస్తకాల జాబితా వాళ్ళు రాసుకోవచ్చు. 2020 నుంచి డబ్బు కట్టే పని కూడా లేదు. గుడ్‌రీడ్స్, ఓపెన్ లైబ్రరీ కూడా ఇలాంటివే. కొత్త పుస్తకమైతే వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ నెంబరు కొడితే చాలాసార్లు వివరాలన్నీ వచ్చేస్తాయి. అమ్మ బైండు పుస్తకాలకి నెంబరెక్కడిది?

పేర్లు కొట్టి చూశాను. చాలావరకు లేనే లేవు. ఉన్నవాటిలోనూ ఒకే రచయిత్రి పేరు ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా ఉండి ఇద్దరు ముగ్గురిలా కనిపించారు. "వీళ్ళకి తెలుగంటే లెక్కలేదు" అని విసుక్కున్నాను. "వీళ్ళంటే ఎవరమ్మా? రాసేదీ, దిద్దేదీ నీలాంటి సభ్యులే" అంది అమ్మాయి. నా నోరు మూతపడింది.

ఇప్పుడు రోజూ వంటిల్లు సర్దుకున్నాక ఒక్క పుస్తకం ఎక్కిస్తున్నాను. మీరూ మొదలుపెడతారా? ముందు ఆ పుస్తకం అక్కడ ఇప్పటికే ఉందేమో వెతకండి. లేకపోతే లోపలి మొదటి పేజీ చూసి పేరు, రచయిత్రి, ప్రచురణకర్త, సంవత్సరం ఉన్నదున్నట్టు రాయండి. సంవత్సరం లేకపోతే ఊహించి వేయకండి. సీరియల్ బైండు అయితే ఏ పత్రికలోదో చేర్చండి. అభిప్రాయం మీ మాటల్లో రెండు ముక్కలు చాలు. ఇంటి చిరునామా, ఫోన్ నెంబరు మాత్రం వద్దు.

పక్కింటి వదినగారిని చేర్పించాలని గంటసేపు పాఠం చెప్పాను. ఆవిడ ఆవులించారు! మర్నాడు, "మీకిష్టమైన నవల ఒక్కటి చెప్పండి వదినగారూ" అన్నాను. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అన్నారు. "ఎందుకిష్టమో రెండు ముక్కలు రాయండి" అని ఫోన్ చేతికిచ్చాను. రాశారు. రెండు రోజుల్లో ఎవరో ఒకావిడ, "నాకూ అంతేనండీ" అని బదులు రాసింది. అంతే, వదినగారు తన బీరువా తాళం తీశారు!

అమ్మ బైండు ఒకదాంట్లో రెండు వారాల భాగాలు లేవు. ఆ సంగతి కూడా జాబితాలో రాశాను. ఆ రెండు వారాలూ దాచుకున్న అమ్మ ఇంకెవరింట్లోనో ఉండే ఉంటుంది. ఆ ఇల్లు మీదేనేమో! ఒకసారి అటక మీది పెట్టె దించి చూడరూ?